కాలువ కట్టేస్తే కనిపించే తలుపు

“...మీరు చెప్పబట్టే కదండీ మా పిల్ల కాలువలో దిగింది, లేకపోతే ఆ బురదలో దానికేం పనండీ?”

“దిగమని నేను చెప్పలేదమ్మా నిఖితా. తలుపుందన్నాను, అంతే.”

“పిల్లలకి ఆ రెండూ ఒకటేనండి.”

మార్తమ్మ తన ముందుగదిలో వాళ్లకు కుర్చీ జరిపింది. నిఖిత చంకలో ఏడేళ్ల జాస్మిన్ ఉంది. మోకాళ్ల దాకా నల్లటి బురద. గాజుపెంకు దిగిన పాదానికి గుడ్డ చుట్టారు. గది నిండా కుళ్లిన కోడిపేగుల కంపు.

రాజోలు దగ్గరి ఆ ఊరి బళ్లో మార్తమ్మ ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పింది. రిటైరయ్యాక ప్రతి ఆదివారం, ఆరాధన ముగిశాక, చర్చి వరండాలో పిల్లలకు ఒకే కథ చెబుతోంది. వంతెన కింద రాతిగోడలో ఒక తలుపుంది. నీళ్లున్నన్నాళ్లూ కనిపించదు. వేసవిలో నీళ్లాపి కాలువ కట్టేస్తే తెరుచుకుంటుంది. అవతల ఇంకో లోకం. తన చిన్నతనంలో కాలువ కట్టేస్తే అడుగున తెల్లటి ఇసక తేలేది. ఆల్చిప్పలు ఏరుకుంటున్నప్పుడు తోచిన కథ అది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఓ క్యారీబ్యాగు పట్టుకుని వంతెన దాకా వెళ్లొస్తుంది గానీ, కిందికి తొంగిచూసి ఏళ్లయింది.

“ఆదివారం అందరి ముందూ తలుపు లేదని చెప్పెయ్యండి. రేపు ఇంకోళ్ల పిల్ల దిగుద్ది.”

“లేదంటే ఇంకెప్పుడూ నా మాట నమ్మరే.”

“నమ్మి ఇది కాలు కోసుకుందండీ.”

“పద, చూద్దాం.”

వంతెన ఇంటికి ఎదురుగానే ఉంది. మార్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిందికి చూసింది. ఉబ్బిన డైపర్లు. ఈకలు కుక్కిన గోతాలు. చచ్చిన రొయ్యల గుట్ట మీద తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. పొట్ట పగిలిన పంది ఒకటి. ఆమె పక్కకు తిరిగి ఉమ్మేసింది.

“అవతల లోకం వాళ్లు పడేసేరాండీ టీచర్ గారూ?” అంది జాస్మిన్.

“కాదు. మనూరి వాళ్లే. సిగ్గులేని జనం.”

“అయితే అది నా బొమ్మేనండీ.”

పిల్ల వేలు చూపించిన చోట, గట్టు వాలులో, గులాబీ రంగు క్యారీబ్యాగు ఒకటి చిరిగి పడి ఉంది. చేపపొలుసులు, మార్తమ్మ షుగరు మాత్రల అట్టలు, వాటి మధ్య మడత విడిపోయిన డ్రాయింగు కాగితం. నీలిరంగు తలుపు, దాని కింద జాస్మిన్ పేరు. ఈస్టరుకు టీచర్ గారికిచ్చిన బొమ్మ.

నిఖిత బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది.

మార్తమ్మ ముక్కు మీద నుంచి కొంగు తీసేసింది.

“ఆదివారం పిల్లలందర్నీ రమ్మను నిఖితా. తలుపు లేదని చెప్పను. నేనే మూసేసేనని చెప్తాను.”