మగ్గం దిగినాక పూసుకునే మందు

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చర్మరోగాల విభాగంలో నర్సుగా చేరిన మా అమ్మాయికి ఈ రోజు అన్నం క్యారియరు తీసుకుపోయాను. మధ్యాహ్నం మూడు గంటలైనా తినే తీరిక లేదామెకు. రోగులు కూర్చునే బల్ల మీద కూర్చుని కూర్చుని నా నడుము పట్టేసింది. ఏ మందు ఎలా పూయాలో ఒక్కొక్కరికీ పదిసార్లు చెబుతూనే ఉంది, నా బంగారు తల్లి.

అరచేతులు పగిలిన ఒక ముసలి నేతగాడు జమ్మలమడుగు నుంచి మూడోసారి వచ్చాడు.

"రోజూ పూస్తాండావా మామా?"

"పొద్దున్నే పూస్తాండా పాపా. మగ్గంలో కూర్చునే ముందు తుడిచేస్తాండా. చీరకు జిడ్డు అంటితే ఎవురు తీసుకుంటారు? ఇంట్లో నా పళ్లెం కూడా వేరే పెట్టినారు. ఇది యెప్పుడు మానుతాదో చెప్పు."

అమ్మాయి కసరలేదు. "మగ్గం దిగినాక చేతులు కడిగి పూసుకో. తెల్లారేదాకా తుడవొద్దు. ఇది ఇంకొకరికి అంటేది కాదు, ఇంట్లో చెప్పు" అంటూ ఆయన చేతులు తన చేతుల్లోకి తీసుకుని తానే మందు పూసింది.

చూసి నా ఆకలి, అలసట రెండూ మరిచిపోయాను. ఇలాంటి పిల్లను కన్నందుకు నా జన్మ ధన్యం. కాని అంతకుముందు ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నప్పుడు నేను బల్ల చివరికి జరిగిన మాట అమ్మాయికి ఇంకా చెప్పలేదు. మీరైతే జరిగేవారు కాదా? నిజం చెప్పండి.