పిశాచికి జెట్ లాగ్

కుదరబోతున్న నా పెళ్ళిని ఎవరి సాయమూ లేకుండా, గంటన్నరలో, అదీ తగ్గింపు ధరకి ఎలా గంగలో కలిపినంత పని చేశానో చెబుతాను. జాలిపడనక్కర్లేదు. చదివాక మీకే పడబుద్ధి కాదు.

మాది బట్టల కొట్టు. నాన్న, ఇద్దరు బాబాయిలు, మేనమామ, అందరూ గజంబద్ద పట్టినవాళ్ళే. నాకు నడక కన్నా ముందు బేరం వచ్చింది. బేరం కుదిరాక అమ్మేవాడు నోరు తెరిస్తే ధర పెంచడానికేనని, వినకుండా బయటపడాలని మా ఇంటి పాఠం.

ఉద్యోగం మీద అమెరికాలో, మోరిస్‌విల్‌ అనే ఊళ్ళో ఉన్న రోజుల్లో, పక్కనే క్యారీలో పనిచేసే మాధురి సంబంధం వచ్చింది. ఫోన్లో రెండుసార్లు మాట్లాడేసరికే నేను పడిపోయాను. అయితే తీర్పు చెప్పవలసింది హైదరాబాద్ నుంచి కూతుర్ని చూడవచ్చిన వాళ్ళమ్మగారు.

"ఇంట్లో కూర్చుని కాఫీ తాగితే మనిషేం తెలుస్తాడు బాబూ? శనివారం మ్యాట్నీకి పోదాం. కాస్త మర్యాదైన సినిమా చూడు" అన్నారావిడ.

అక్కడ ఒక పాత చిన్న థియేటర్ ఉంది. దాని యజమానురాలే టికెట్లిస్తుంది. వాళ్ళిద్దరూ రాకముందే వెళ్ళి నిలబడ్డాను.

"ఇది బ్రిటిష్ సినిమా. పాత క్లాసిక్ నవలిక నుంచి తీశారు. ఊరికి దూరంగా పెద్ద బంగళా, అందులో ఒంటరి అమ్మాయి. వాళ్ళింటికి ఇంకో అమ్మాయి అతిథిగా వస్తుంది" అందామె.

బ్రిటిష్, క్లాసిక్, బంగళా! ఇంతకన్నా మర్యాద ఎక్కడ దొరుకుతుంది?

"రెండు టికెట్ల ధరకి మూడివ్వండి."

"తీసుకోండి."

"పాప్‌కార్న్?"

"పెద్ద బకెట్ ఉచితం. ఇంకో మాట సర్, ఈ సినిమా కొంచెం..."

"ఇంకేం చెప్పకండి, బేరం అయిపోయింది!" అని విజేతలా లోపలికి నడిచాను.

నా కుడిపక్క ఆంటీ, ఎడంపక్క మాధురి. దీపాలారాయి.

"వీళ్ళ యాస నాకందదు. నువ్వు చెప్తూ ఉండు బాబూ" అన్నారు ఆంటీ. ఆ సినిమా నేనూ చూడలేదు. కానీ కౌంటర్ వెనక పెరిగినవాడి నోట 'తెలియదు' అన్న మాట రాదు.

"వచ్చిన పిల్ల మిట్టమధ్యాహ్నం దాకా నిద్రపోతోందేం?"

"జెట్ లాగ్ ఆంటీ."

"గుర్రబ్బండిలో కదయ్యా వచ్చింది?"

"దూరప్రయాణం కదండీ."

"తిండి కూడా ముట్టట్లేదు."

"డైటింగ్."

ఎడంపక్క నుంచి దగ్గులాంటి శబ్దం వచ్చింది. మాధురికి జలుబేమో అనుకున్నాను.

"మరి ఆ ఇంటమ్మాయి మెడ మీదకి వంగి ఏం చేస్తోంది?"

"రహస్యం చెబుతోంది ఆంటీ. ప్రాణస్నేహితులు."

ఆ రహస్యం చెబుతున్న నోరు అప్పుడే తెర నిండా తెరుచుకుంది. రెండు కోరలు, వాటి చివర రక్తం. థియేటర్‌లో ఒక కేక వినిపించింది. ఆడకేకే అనుకున్నాను, నా గొంతు నొప్పి పుట్టేదాకా. పాప్‌కార్న్ బకెట్ ముందువరసలో ఒక పెద్దమనిషికి కిరీటమైంది. నా తల మాత్రం ఆంటీ శాలువాలో భద్రంగా ఉంది.

బయట పార్కింగ్‌లో విచారణ మొదలైంది.

"బాబూ, ఈ సినిమా ముందు చూశావా?"

"లేదాంటీ."

"మరి అడిగినదానికల్లా అంత ధీమాగా ఎలా చెప్పావు?"

"మా కొట్లో అలవాటండీ."

"రంగు వెలవదని చెప్పి అమ్మే అలవాటా?" ఆవిడ కూతురి వైపు తిరిగారు. "నాకు నచ్చలేదే మాధూ. ఇంత అలవోకగా అబద్ధాలాడతాడు, పైగా పిరికి. పద."

"ఆంటీ, ఇంకొక్క ఛాన్స్! ఈసారి కార్టూన్ సినిమా, పూర్తి ధరకే!" అన్నాను. నా వంశంలో ఎవరూ పలకని మాట అది. ఆవిడ కరగలేదు, కారు తలుపు తీశారు.

అంతసేపూ నవ్వాపుకుంటున్న మాధురి కళ్ళు తుడుచుకుంది. "అమ్మా, లిజన్. ఇతను బ్లఫ్ చేస్తే పది నిమిషాల్లో దొరికిపోతాడు. దొరకనివాణ్ణి చేసుకుని నేనేం చేయను?"

ఆంటీ నన్ను ఎగాదిగా చూశారు. తలుపు మూశారు. నాకోసం వెనక తలుపు తీశారు.

పెళ్ళయి ఏడేళ్ళు. అత్తయ్యగారు వచ్చినప్పుడల్లా ముగ్గురం మ్యాట్నీకి వెళ్తాం. అగ్నిసాక్షిగా చేసిన ప్రమాణాలకు నేను సొంతంగా ఇంకొకటి కలుపుకున్నాను: చీకటి హాల్లో ఆవిడ ఏమడిగినా, అది నేను నాలుగుసార్లు చూసిన సినిమా అయినా సరే, ప్రాణం పోయేదాకా నా జవాబు ఒక్కటే. "తెలియదండీ."