కొలిచి కుట్టిన తప్పులు

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. తనిఖీ బల్ల దగ్గర కూర్చుని కుట్లలో తప్పులు పట్టడం ఆవిడ పని. అందుకని అందరూ ‘భూతద్దం’ అనేవారు. ఏదైనా సరే, ఆరా తీస్తే గానీ అన్నం సయించని మనిషి. పక్కింటివాళ్ళు గొంతు తగ్గించారంటే చాలు, ఈవిడకి ఆ గోడ పక్కనే ఊడవాల్సిన చెత్త కనిపించేది.

అలాంటి మనిషిని మూడు నెలలుగా ఒక సంగతి కుదురుగా కూర్చోనివ్వడం లేదు. కాలర్లు కుట్టే అమ్మాయి చెయ్యి గీత గీసినట్టు పోతుంది. నెల మొదట్లో ఒక్క ముక్క కూడా వెనక్కి రాదు. నెలాఖరు వచ్చేసరికి మాత్రం గంపలకు గంపలు వంకర కాలర్లు! బోనస్ కాస్తా గాలికి పోతోంది. పైగా ఇప్పుడు తప్పులు ఎక్కువున్నవాళ్ళని తీసేస్తానని మేనేజరు జాబితా అడిగాడు. సాయంత్రంలోగా ఇచ్చెయ్యాలి.

భూతద్దం ఆ కాలర్లన్నీ బల్ల మీద పరిచి టేపు పెట్టింది. ఓరి నాయనో! చేతకానివాళ్ళ తప్పులు తలో దారిన పోతాయి. ఇవన్నీ ఎడమ మొన దగ్గరే, ఒకే కొలతలో పక్కకి జరిగాయి. తప్పుని ఇంత ఒద్దికగా కుట్టాలంటే ఎంత పనితనం ఉండాలి!

భోజనాల వేళ ఆ అమ్మాయిని మూలకి లాక్కెళ్ళింది.

“ఏమే, బోనస్ నీకు చేదా?”

“నా సంపాదన మా ఆయన జీతం దాటకూడదక్కా,” అంది అమ్మాయి. “వాళ్ళ వర్క్‌షాపులో పని సగానికి పడిపోయింది. నాకు బోనస్ వచ్చిన నెల, ‘నీ సంపాదన మీద బతుకుతున్నాననా నీ పొగరు’ అని చెయ్యి చేసుకున్నాడు. అందుకే తగ్గించి కుడుతున్నా.”

“తగ్గించాక ఊరుకున్నాడా?”

“లేదు. ఇల్లు గడవట్లేదని కొట్టాడు.”

“మరి ఆయనకి పని బాగా ఉన్న రోజుల్లో?”

“అప్పుడూ కొట్టేవాడక్కా. తన సొమ్ము కూర్చుని తింటున్నానని.”

భూతద్దానికి ఒళ్ళు మండిపోయింది. “డబ్బు ఎక్కువైతే ఓ సాకు, తక్కువైతే ఓ సాకు! ఆ వెధవ చేతికి నువ్వు కొలతలు తియ్యడమేమిటే? రేపటి నుంచి తిన్నగా కుట్టు. జాబితాలో నీ పేరుండదు. ఇవాళ మా ఇంటికి వచ్చెయ్. ఒక గది ఖాళీగానే ఉంది.”

అమ్మాయి మెషీన్ కింద నుంచి ఒక సంచి బయటికి లాగింది. నిండా బట్టలు.

“ఇదేమిటే?”

“మూణ్ణెల్లుగా తెచ్చి, మళ్ళీ మోసుకుపోతున్నా. మీ కంట పడాలనే తప్పులన్నీ ఒకచోటే పెట్టానక్కా. మీరు మెకానిక్‌ని అడిగారు, దారం తెచ్చేవాణ్ణి అడిగారు, పక్క మెషీన్లవాళ్ళని అడిగారు. నన్ను ఇవాళే అడిగారు.”

భూతద్దం కళ్ళు తుడుచుకుని, ఆ సంచి తనే అందుకుంది.