చెట్టుకి తగిలిన గుండు

మా మేనమామకి గురి తప్పేది కాదు. అయినా ఆయన జీవితంలో ఒక్క అడవిదున్ననీ కొట్టలేదు. అన్నీ వేటకొచ్చిన ఆఫీసరు సార్లే కొట్టారు. వేట చూపించేవాడి పని అదే. సారు ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే వెనక నిలబడి తనూ పేల్చాలి. రెండు చప్పుళ్ళు ఒక్కటిగా వినపడాలి. దున్న పడ్డాక తుపాకీ దించి, "అయ్యో, నాది తప్పిపోయింది సార్" అనాలి. గురి కుదరడానికి మావకి ఏడాది పట్టిందట, ఆ "అయ్యో" కుదరడానికి నాలుగేళ్ళు.

నేను ఐదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. బర్మాలో, యాంగోన్‌లో, పబేడాన్ పేట సందులో మావ పప్పులూ ఎండుమిరపకాయలూ అమ్మేవాడు, నేను పొట్లాలు కట్టేవాణ్ణి. ఏడాదికి రెండు మూడుసార్లు ఎవరో పెద్ద ఆఫీసరు జీపు పంపేవాడు. నగరానికి ఉత్తరాన, కొండల కింద, కంచె లేని గవర్నమెంటు పశువుల ఫారం ఒకటుండేది. తొలకరికి లేత గడ్డి మొలిస్తే అడవిదున్నలు కొండ దిగి ఫారం ఆవులతో కలిసి మేసేవి. ఇంగ్లీషు దొరలు వాటిని బైసన్ అనేవారు, సార్ల నోళ్ళలో ఆ మాటే ఉండిపోయింది. మావ నాన్న ఆ దొరల తుపాకీ మోసినవాడు. మావకి జాడ పట్టడం అలా వచ్చింది. అక్కడ నా పని టీ కాయడం, సార్లని నవ్వించడం.

మావ పుట్టింది ఈ ఊళ్ళోనే. కానీ వాళ్ళ నాన్న ఎప్పటినించి ఇక్కడున్నాడో చెప్పే కాగితాలు యుద్ధంలో కాలిపోయాయి. అందుకని మావకి ఇచ్చింది విదేశీయుడి కార్డు. ఊరు దాటాలంటే ప్రతిసారీ ఇమిగ్రేషన్ ఆఫీసులో చీటీ రాయించుకోవాలి. అడవిలో ప్రతి డొంకా తెలిసిన మనిషి బస్సెక్కడానికి అనుమతి అడగాలి.

ఎనభై ఎనిమిది తొలకరికి వచ్చిన ఆఫీసరు ఆ బెంగ తీరుస్తానన్నాడు. "పెద్ద కొమ్ములున్న తలకాయ కావాలి. చెక్కకి బిగించి మా ఇంటికి తెచ్చిన రోజున నీ పౌరసత్వం ఫారం మీద సంతకం పెడతాను."

మావ ఒక ముసలి పోతుని చూపించాడు. అది ఆవుల మధ్య నిలబడి ఉంది. మనుషులకి అలవాటు పడిందేమో, మమ్మల్ని చూసి మళ్ళీ తల దించుకుని మేసింది. రెండు చప్పుళ్ళు ఒక్కటిగా వినపడ్డాయి. ముందు కాళ్ళు మడిచి, తీరిగ్గా పడుకున్నట్టు పడింది. మావ "అయ్యో" అన్నాడు. నేను టీ నీళ్ళు మరిగాయా లేదా అని చూసుకున్నాను.

తలకాయని మేడ మీద నూనె డ్రమ్ములో ఉడకబెట్టి పుర్రె తీశాం. ఆ కంపుకి మెట్ల మీది ఇళ్ళవాళ్ళు వారం రోజులు మాతో మాట్లాడలేదు. లత అనే పేటలో వడ్రంగి దగ్గర టేకు చెక్క చేయించి కొమ్ములతో సహా బిగించాం. సారు కబురు పెట్టేదాకా ముందుగది గోడకి తగిలించాం.

కబురు రాలేదు. ఆగస్టులో ఊరంతా వీధుల్లోకి వచ్చింది, ఆఫీసులు మూతపడ్డాయి, తుపాకులు పేలాయి. కింది అంతస్తు కాలేజీ పిల్లాడు ఊరేగింపుకి వెళ్ళి తిరిగి రాలేదు. నాలుగోరోజున వాళ్ళమ్మ మా కొట్టుకి వచ్చి అరవీశ కందిపప్పు అడిగింది. పొట్లం కట్టి ఇచ్చాను. తీసుకుని వెళ్ళింది.

సందు మొదట్లో వెదుళ్ళతో అడ్డం కట్టి, సందువాళ్ళే కాపలా కాసేవారు. గవర్నమెంటు మనుషులెవరైనా దాక్కున్నారా అని ఇళ్ళు వెతికేవారు. ఒక పొద్దున్న ఐదుగురు మా ఇంట్లోకి వచ్చారు. ఒకడి చేతిలో కత్తి ఉంది. ముందున్నవాడు గోడ చూశాడు.

"ఊలే," అన్నాడు మావతో. బర్మా మాటలో బాబాయి అని. "ఇది ఆ ఆఫీసరు తలకాయే కదా?"

"ఆయన తలకాయకి కొమ్ములుండవు, మీసాలుంటాయి," అన్నాను.

"వేళాకోళాలొద్దు. ఆయన జీపు మీ ఇంటిముందు ఆగడం చూశాం. ఆయన కొట్టిందాన్ని మీరు దాస్తున్నారా?"

మావ నోరు అలవాటు కొద్దీ "సారే కొట్టారు" అనబోతోందని నాకు తెలిసిపోయింది. నేనే అందుకున్నాను.

"ఆయన కొట్టింది చెట్టుని. ఆ చెట్టు ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. దున్నని కొట్టింది మా మావ."

ముందు కత్తివాడు నవ్వాడు, తరవాత అందరూ.

"అవునా ఊలే?"

మావ నేల చూసుకుంటూ, "నేనే కొట్టాను" అన్నాడు. ఆయన ఆ మాట అనగా నేను వినడం అదే మొదటిసారి.

వాళ్ళు వెళ్ళిపోయారు. జోకు కూడా వాళ్ళతో పాటే మెట్లు దిగింది. వారం తిరక్కుండా తామ్వే పేటలో టీ కొట్టువాడు దాన్ని నాకే చెప్పాడు. అప్పటికి చెట్లు రెండయ్యాయి.

సెప్టెంబరులో సైనికులు వచ్చి వెదుళ్ళు నరికేశారు. కొన్నాళ్ళకి ఆఫీసులు తెరిచారు. ఆఫీసరు కుర్చీ ఆఫీసరుకే ఉంది. తలకాయ తెమ్మని కబురొచ్చింది. గోనెసంచిలో చుట్టి, సైడ్‌కారు రిక్షా ఎక్కించి తీసుకెళ్ళాం. మావ పౌరసత్వం ఫారాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా లోపల దాచుకున్నాడు.

వరండాలో ఆఫీసరు కొమ్ముల్ని జానలేసి కొలుచుకున్నాడు. బావుందన్నాడు. మాకు టీ తెప్పించాడు. మావ ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. ఆఫీసరు దాన్ని చూడకుండా నా వైపు తిరిగాడు.

"చెట్టుకి ఎలా ఉంది? ఆసుపత్రి నించి వచ్చిందా?"

నేను కప్పు బల్ల మీద పెట్టాను.

"అయ్యో, నాది తప్పిపోయింది సార్," అన్నాడు మావ. అంత బాగా ఆయన ఎప్పుడూ అనలేదు.

"తెలుసు," అని ఆఫీసరు తలకాయని లోపలికి పంపించి, తనూ వెళ్ళిపోయాడు. కాసేపు చూసి, మావ ఫారాన్ని మళ్ళీ కవరులో పెట్టుకున్నాడు. టీ చల్లారిపోయింది. అయినా తాగాం.

రిక్షాలో సగం దూరం వచ్చాం.

"ఒరే," అన్నాడు మావ.

"ఏటి మావా."

"ఆయన గుండు సెట్టుకి తగల్నేదు. దున్నకి ముందర నేల్లోకి పోయింది. నాను సూసినాను."

"ఊఁ."

"సెప్పినోడివి సరిగ్గా సెప్పాల గదా."

మరుసటి వారం ఎండుమిరపకాయల కోసం ఊరు దాటాలి. ఇమిగ్రేషన్ ఆఫీసు లైనులో ఆయన వెనక నిలబడ్డాను. చీటీ మీద మూడు రోజులని రాసిచ్చారు.