పని తెలిసిన పంపు

పిన్ని పోయిందన్న కబురూ, ఆమె కారు తీసేద్దామన్న మాటా నాకు ఒకే ఫోన్‌లో వచ్చాయి. చేసింది మా బాబాయికి అన్నగారు, అంటే పిన్నికి బావగారు. "మీ పిన్ని తెల్లవారుజామున పోయిందమ్మా" అని, గొంతు సవరించుకుని, "కర్మలు అయిపోగానే ఆ డొక్కు బండి కూడా వదిలించేద్దాం" అన్నారు. ఏడుపు రావాల్సిన చోట నాకు ఒళ్ళు మండింది. "కారు జోలికి ఎవరూ వెళ్ళకండి, నేను వస్తున్నాను" అని బందరులో బస్సెక్కాను. దారంతా ఏడ్చాను, అది వేరే సంగతి.

మీలో ఎవరైనా మోపిదేవి గుడికి మొక్కు తీర్చుకోడానికి వచ్చి, అటునుంచటే హంసలదీవి కూడా చూడాలని ముచ్చటపడి ఉంటే, మా పిన్ని కారు ఎక్కే ఉంటారు. అద్దెకి తిప్పే తెల్ల అంబాసిడర్. స్టీరింగు ముందు కొంగు బొడ్డులో దోపుకుని కూర్చున్న మనిషి. "డ్రైవరేడమ్మా?" అని అడిగే ఉంటారు. "ఎక్కి కూర్చోండి, కనపడతాడు" అని ఆమె అనే ఉంటుంది.

ఆ కారు బాబాయిది. బాబాయి పోయాక ఒక వర్షాకాలమంతా పాకలో నిలబడిపోయింది. ఆ తర్వాత స్టార్టయితే అయ్యేది, వీధి చివరికి వెళ్ళకుండానే ఆగిపోయేది. బావగారు పాత ఇనుము కొనే మనిషిని మాట్లాడేశారు. "ఆదివారం వచ్చి తీసుకెళ్తాడమ్మాయ్. నడవని బండి ఇంట్లో దేనికి?"

పిన్ని గుమ్మంలోంచే అడిగింది. "నడిస్తేనో, బావగారూ?"

ఆయన నవ్వేసి, "నడిస్తే నువ్వే ఉంచుకో" అన్నారు. పాపం, ఆ మాట అనకుండా ఉండాల్సింది. కారు పోతే పిన్ని ఆయన పంచన చేరి, వంట చేసిపెడుతూ బతకాలి. అది ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

మర్నాడే నన్ను తోడు తీసుకుని గుడివాడ బయల్దేరింది. బస్టాండు వెనక సందులో పాత కార్ల సామాన్లు అమ్మే కొట్టు ఒకటుండేది. టాంకులోంచి ఇంజనుకి పెట్రోలు లాగే పంపు పోయిందని మా మెకానిక్ చెప్పాడు, అది కావాలని అడిగింది. కొట్టాయన మా వెనక్కి తొంగి చూశాడు. "మగాళ్ళెవరూ రాలేదాండీ?"

"వచ్చుంటే ఈపాటికి ఏదో ఒకటి అంటగట్టి పంపించేసేవారు. చూపించండి."

ఆయన ఒక రేకు డబ్బాలోంచి పంపులు బల్ల మీద గుమ్మరించాడు. పిన్ని ఒక్కటీ ముట్టుకోలేదు. "ఇవి ఏ ఊరి బండ్లవండీ?"

"పంపుకి ఊరేంటమ్మా! పెళ్ళి సంబంధమా ఏంటి?"

"అంతకంటే ఎక్కువే. సంబంధం చెడితే పుట్టింటికన్నా వెళ్ళొచ్చు. ఇది చెడితే హంసలదీవి రోడ్డు మీద కూర్చోవాలి. సముద్రం గాలి తిన్న బండిదైతే నాకొద్దు. గుడ్లవల్లేరు వైపుదో, పామర్రు వైపుదో ఉంటే చెప్పండి. పంపు తర్వాత, ముందు బండి చూపించండి."

అదీ ఆమె పద్ధతి. పాత సామాను ఏదైనా సరే, దాన్ని ఊడదీసిన బండిని కళ్ళారా చూడందే కొనదు. కొట్టాయన సణుక్కుంటూ దొడ్లోకి తీసుకెళ్ళాడు. గుడ్లవల్లేరు డాక్టరుగారి అంబాసిడరట, సగం విప్పి పెట్టి ఉంది. పిన్ని టాంకు మూత తీసి వాసన చూసింది. లోపల వేలు పెట్టి తిప్పి, చీర చెంగుకి తుడిచి చూసుకుంది. ఎర్రటి మరక పడలేదు.

తర్వాత ఆ కారు పంపు తీయించింది. పెట్రోలు పీల్చే మూతికి నా వేలు అడ్డం పెట్టించి, కింద మీట నొక్కింది. పంపు నా వేలిని లోపలికి లాగి పట్టుకుంది. నేను కెవ్వుమన్నాను.

"పట్టుకుందా? ఊపిరుందే దీనికి!" అని మురిసిపోయింది. "టాంకూ పైపూ కూడా దీనివే ఇచ్చేయండి."

మెకానిక్ పంపు ఒక్కటే తెమ్మన్నాడని గుర్తుచేశాను. "వాడలాగే అంటాడు. మన టాంకు నిండా తుప్పు. ఎంత మంచి పంపు పెట్టినా తాగేది ఆ తుప్పే కదే. నిలబెట్టేశాం దాన్ని. నన్ను కూర్చోబెట్టేసినట్టే" అంది.

టాంకుని అక్కడే కడిగించింది. అయినా కండక్టరు బస్సెక్కనివ్వనన్నాడు. "ఖాళీదండీ, కావాలంటే మీరే వాసన చూడండి" అని పిన్ని దాన్ని ఆయన ముక్కు కిందే పెట్టింది. చివరికి టాపు మీద వేయించుకుని, ప్రతి స్టాపులో కిటికీలోంచి తల బయటపెట్టి "ఉందా?" అని అరుస్తూ మోపిదేవి చేరింది.

ఆదివారం నాటికి అన్నీ బిగించారు. బావగారూ, ఇనుము మనిషీ వచ్చి నిలబడ్డారు. బాబాయి కరకట్ట మీద పిన్నికి డ్రైవింగు నేర్పిన సంగతి బావగారికి తెలియదు. ఆమె వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంటే ఆయన నోరు తెరిచారు. తాళం తిప్పింది. స్టార్టవలేదు. బావగారు నోరు మూసుకుని నవ్వారు. పిన్ని కంగారు పడలేదు. దిగి, బానెట్ ఎత్తి, కొత్తగా బిగించిన పైపులోకి పెట్రోలు ఎక్కేదాకా పంపు మీట వేలితో నొక్కింది. మళ్ళీ కూర్చుని తాళం తిప్పితే పాక అదిరిపోయింది.

"ఎక్కండి బావగారూ, ఇంటి దగ్గర దింపుతాను."

ఆయన నడిచే వెళ్ళారు.

అప్పట్నించీ పిన్ని ఎవరి పంచనా చేరలేదు. ఆ కారులో ఒక్క కొత్త సామానూ వేయలేదు. ఎవరైనా వెక్కిరిస్తే, "పాతది అంటారేంటండీ? పని తెలిసింది అనండి" అనేది. నాకూ అదే కరకట్ట మీద నేర్పింది. మంచాన పడ్డాక తాళాలు నా చేతిలో పెట్టింది.

పెద్దకర్మ నాడు, భోజనాలయ్యాక, బావగారు ఇనుము మనిషిని వెంటబెట్టుకుని పాక దగ్గరికి వచ్చారు. పిన్ని పడుకున్నప్పట్నించీ కారు కదల్లేదు. "నడవని బండి కదమ్మా" అన్నారు. మళ్ళీ అదే మాట!

నేను కొంగు బొడ్డులో దోపుకున్నాను. బానెట్ ఎత్తి మీట నొక్కాను. మొదట వట్టిగా ఆడింది. నొక్కగా నొక్కగా బిగిసింది.

"నడిస్తేనో, పెదనాన్నగారూ?"

నడిచింది. "ఎక్కండి, ఇంటి దగ్గర దింపుతాను" అన్నాను. ఇప్పుడాయనకి చేతికర్ర వచ్చింది. వెనక డోరు తానే తీసుకుని ఎక్కారు.

"మెల్లగా పోనివ్వమ్మా."

పిన్ని ఆ కారుని ఏనాడూ మెల్లగా తోలలేదు. నేనూ తోలలేదు. అద్దంలో చూస్తే, ఆయన ముందు సీటుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. వెనక కరకట్ట మీద దుమ్ము లేస్తోంది.