నా తమ్ముడు కొయ్యని కొమ్మ

నా తమ్ముడు నర్సింహ ఇక లేడు. ఎల్బీ నగర్ చౌరస్తాల రాస్తారోకో నాడు కణతకు తగిలిన రాయి, దవాఖానల పెట్టినా, వాడి ప్రాణం తీసేదాక ఊరుకోలే. ఆ దుర్వార్త వచ్చినప్పుడు నేను సైదాబాద్‌ల కూరగాయల బండి కాడ ఉన్న. చేతిల తక్కెడ జారి పడ్డది. నాకంటె ముందు పోవాల్సినోడు కాదు వాడు. నేను చంకనెత్తుకొని పెంచినోడు.

సంస్మరణ సంచికకు నాలుగు మాటలు రాయమన్నరు. మనుమరాలి పక్కన కూసొని ముసలితనాన దిద్దుకున్న అక్షరాలు నావి, ఉన్నదున్నట్టే రాస్త. సంతాప సభల ఒకాయన వాడు శాంతమూర్తి అన్నడు. రాళ్లేసే పోరగాండ్లను ఆపబోయి అమరుడైండని ఇంకొకాయన అన్నడు. అబద్ధం. వాడి చేతిల కూడ రాయి ఉండె. వాడికి తగిలిన రాయి మనోళ్లదో అవతలోళ్లదో ఇప్పటికీ ఎవరికీ తెల్వదు. వాడు సెంట్రింగ్ మేస్త్రి. స్లాబుకు ఇనుప చువ్వలు కట్టే చేతులు. ఆ చేతులతోనే బస్సుల అద్దాలు పగలగొట్టిండు. వీపు మీద పడ్డ లాఠీని గుంజుకొని మోకాలి మీద విరిచిండు. ప్రత్యేక రాష్ట్రమనే ఆశయం వాడి నెత్తుర్ల ఉండె, క్రోధం కూడ అక్కడ్నే ఉండె.

ఒక బంద్ నాడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి దాక షట్టర్లు పడ్డయి. టైర్లు కాలుతున్నయి, బాష్పవాయువుకు కండ్లు మండుతున్నయి. కోచింగ్ సెంటర్ బోర్డుకని తమ్ముడు ఇసిరిన రాయి పక్క మేడ బాల్కనీల పడ్డది. కాసేపటికి ఆ పొగలకెళ్లి ఒక పెద్దామె దిగొచ్చింది. గుంటూరు దిక్కు నుంచి వచ్చి, ఇక్కడి బడిల పాఠాలు చెప్పి రిటైరైన సుశీల టీచర్. ఒక చేతిల జానెడు చెట్టు. వేర్లు బయటపడ్డయి, విరిగిన కొమ్మ బెరడుకు వేలాడుతున్నది. రెండో చేత్తోని మా తమ్ముని చెంప పగలగొట్టింది. పోరగాండ్లు ఆమె మీదికి ఉరికితే తమ్ముడే అడ్డం తిరిగి వాళ్లను నూకిండు. ఒకడి పెదవి పగిలింది.

“నువ్వు విరగ్గొట్టావు, నువ్వే బతికించు. బతికాక తెచ్చి నా బాల్కనీలో పెట్టు,” అన్నదామె.

సరే అన్నడు. ఆ మాట వాడి మెడకు పడ్డది.

అది మేపుల్. చలి ప్రదేశాల మహావృక్షం. చిన్న కుండీల పొట్టిగ పెంచితే బోన్సాయ్ అంటరట. ఆకు చంటిబిడ్డ అరచెయ్యి లెక్క ఉంటది. మా తమ్మునికి చెట్టంటే వేప, తుమ్మ. ఆమె చెప్పినట్టు పొద్దటి ఎండ మాత్రమే తగిలే జాగ చూసి, తడి గోనెసంచి చుట్టిన నీళ్ల రంజన్ పక్కన పెట్టిండు. విరిగిన కొమ్మ సంగతి మాత్రం సొంత తెలివి. పసుపు మెత్తి, చువ్వలు కట్టే బైండింగ్ వైరుతోని బిర్రుగ బిగించిండు. ఆ వైరు బెరడును కోసుకొని లోపలికి దిగింది.

చూపియ్యనీకి తీస్కపోతే టీచర్ నెత్తి కొట్టుకున్నది. “ఇది చెట్టయ్యా, నీ స్లాబు కాదు. పైగా పసుపేంటి, కూర వండుతున్నావా?”

“దెబ్బకు పసుపే పెడ్తం టీచరమ్మా. చిన్నప్పుడు మా అక్క నాకు గట్లనే పెట్టింది.”

వైరు ఇప్పిండ్రు, మచ్చ మిగిలింది, కొమ్మ మాత్రం అతికింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వాడు తీస్కపోయిన కుండీ మీద వంగి ఇద్దరూ రాష్ట్రం గురించి కొట్లాడేటోళ్లు. కలిసుంటే తప్పేందని ఆమె, ఇన్నేండ్లు కలిసుంటే ఏమొచ్చిందని వీడు. ఒక్కనాడు ఒకరి మాట ఒకరు ఒప్పుకోలే. చాయ్ మాత్రం తాగి లేచేటోడు.

చెట్టు తేరుకొని పై చివురు బారుగ లేచింది. దాన్ని కత్తిరించకుంటె సత్తువంత పైకే పోయి కింది కొమ్మలు ఎండుతయని టీచర్ కత్తెర చేతికిచ్చింది. లాఠీ విరిచినోడు ఆ చివురు ముందట కత్తెర కింద పెట్టిండు.

“ఒకపారి విరగ్గొట్టిన. మళ్ల నా చేత్తోని కొయ్య, టీచరమ్మా.”

కోసి తెస్తేనే బాల్కనీలోకి రానిస్తానని ఆమె పంతం. వీడు కొయ్యలే. కింది కొమ్మ ఒకటి ఎండింది. దాన్ని చూసుకుంట తలకాయ పట్టుకొని కూసునేటోడు, అయినా కొయ్యలే. రాస్తారోకోకు పోయిన పొద్దు కూడ దానికి నీళ్లు పోసే పోయిండు.

కర్మకాండ అయినంక ఆ కుండీని ఎత్తుకొని నేనే చైతన్యపురికి పోయిన. టీచర్ చెట్టును చూసింది, నన్ను చూసింది. లోపలికి పోయి కత్తెర తెచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్న. వాడు ముట్టనిచ్చేటోడు కాదన్న.

“తెలుసమ్మా. కొయ్యకపోతే ఇది కూడా పోతుంది.”

చెయ్యి ఇడిచిన. కత్తెర చప్పుడు నా కణతల మోగింది. కోసిన కాడ నీటిబొట్టు ఊరింది. ఆమె కొంగుతోని కండ్లొత్తుకున్నది.

“వంటింట్లో పసుపు డబ్బా ఉంది, కాస్త తీసుకురామ్మా,” అన్నది.

తమ్ముడా, నీ మాట నిలబడ్డది. చెట్టు ఆమె బాల్కనీల ఉన్నది. నువ్వు పగలగొట్టినయి చాన ఉన్నయి. నీ చేత్తోని అతికింది ఇదొక్కటే. నువ్వు కోరిన రాష్ట్రం రేపో మాపో వస్తదంటున్నరు. వచ్చినా నీ అసొంటోన్ని మళ్ల తేలేదు. చెట్టు గాయానికి పసుపు అందింది. నీ కణతకు పెట్టనీకి నా చెయ్యి అందలే.