మునిగిన ఓడకి పైన

మేం విస్కాన్సిన్‌లో ఉన్న రోజుల్లో మా ఆయనకి డైవింగ్ పిచ్చి పట్టుకుంది. ఎనభైల మొదట్లో ఒక వేసవిలో, మిషిగన్ సరస్సు అడుగున ఉన్న పాత చెక్క ఓడని చూడాలని బయల్దేరుతూ నన్నూ బోటులో తీసుకెళ్ళాడు. కలప మోసుకెళ్తూ తుఫానులో మునిగిపోయిన చిన్న తెరచాప ఓడ అది.

ఆయనా, ఆఫీసు స్నేహితుడూ నీళ్ళలోకి దిగారు. బోటు నడిపే ముసలాయనా నేనూ పైన మిగిలాం. కాసేపు బుడగలు కనిపించాయి. గాలి లేచి అలలు పెరిగాక అవీ కనబడలేదు. కూర్చోలేక, నిలబడలేక ఆ కాస్త చోటులోనే అటూ ఇటూ తిరిగాను. "ఇంకా రారేం?" అని ముసలాయన్ని అడుగుతూనే ఉన్నాను. "చాలా లోతు. ఒక్కసారిగా పైకొస్తే ఒంటికి ప్రమాదం, మెల్లిగానే రావాలి," అన్నాడు ఆయన.

చివరికి ఇద్దరూ తేలారు. మా ఆయన పెదవులు నీలంగా ఉన్నాయి గానీ కళ్ళు మెరుస్తున్నాయి.

"తెరచాప కొయ్య ఇంకా నిలబడే ఉంది తెలుసా," అన్నాడు.

"మరి అందులో ఉన్నవాళ్ళేమయ్యారండీ?"

"చిన్న పడవలో ఒడ్డుకి చేరారట, అందరూ."

తువ్వాలు తీసి ఆయన భుజాల చుట్టూ కప్పాను. "ఇంకోసారి ఇలా పైన కూర్చోవడం నా వల్ల కాదు. నేనూ దిగుతాను," అన్నాను. నీళ్ళంటే భయపడే నేను ఆ చలికాలమంతా ఈత నేర్చుకున్నాను, తర్వాత డైవింగూ. ఆపైన నన్ను వదిలి ఆయన ఏ సరస్సులోకీ దిగలేదు.